ఆఖరివాడికి చప్పట్లు

అభిరామ్ మళ్ళీ ఆఖరున వచ్చాడు.

మిగతా పిల్లలంతా ఒడ్డెక్కి తువాళ్ళు కప్పుకున్నా, వాడొక్కడే ఇంకా నీళ్ళలో చేతులు కొట్టుకుంటున్నాడు.

గ్యాలరీలో కూర్చున్న వాడి తల్లి కుసుమకుమారి ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంది.

అప్పుడే వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఒస్తున్నవ్ బిడ్డా, ఒస్తున్నవ్. ఇంక జరంత."

గ్యాలరీ అంతా అటు తిరిగింది. ఆ తర్వాత అభిరామ్ వైపు తిరిగింది. ఎవరో నవ్వారు.

వాడు ఒడ్డు తాకేదాకా ఆవిడ చప్పట్లు ఆపలేదు.

వేసవి సెలవుల్లో ఆదివారం ఆదివారం ఎల్బీనగర్‌లోని ఆ స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు ఈత పోటీలు జరుగుతాయి. కొత్తపేట, చైతన్యపురి, బడంగ్‌పేట్, ఇలా పేటకో జట్టు.

మొదట్లో అంతా సరదాగానే ఉంది. మే నెల వచ్చేసరికి జట్టుకో రంగు టోపీ వచ్చింది, నినాదం వచ్చింది, పెద్దవాళ్ళకు వాట్సాప్ గ్రూపు వచ్చింది. ఏ పిల్లవాడి వల్ల పాయింటు పోయిందో గ్రూపులో చర్చలు నడిచేవి.

బడంగ్‌పేట్ కెప్టెన్ రమ్య దిగిన ప్రతి పోటీలో ఫస్ట్ వచ్చేది. ఆ పిల్ల గెలిచినప్పుడు కొత్తపేట వాళ్ళెవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. కుసుమకుమారి కూడా కొట్టేది కాదు.

పిల్లలు మాత్రం పోటీలయ్యాక అన్ని రంగుల టోపీలవాళ్ళూ కలిసి ఒకే చిప్స్ ప్యాకెట్ మీద పడేవారు.

ఆ వెనక వరస ఆవిడ మెడలో ఆఫీసు కార్డుతో, ఆడపిల్లల పోటీలన్నీ అయిపోయాక రొప్పుకుంటూ వచ్చేది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేది. తమ మధ్యనే కూర్చుంటోంది కాబట్టి కొత్తపేట జట్టులో ఎవరి తాలూకో అనుకుంది కుసుమకుమారి.

ఆ రోజు ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఏమీ అనుకోకండి. మీరలా అరుస్తుంటే అందరూ మావాడినే చూస్తున్నారు. వాడికి నామోషీగా ఉంటుంది."

ఆవిడ నొచ్చుకుంది.

"మీ బాబా అక్కా? ముందుగాల పోయేటోళ్ళకు అందరు చప్పట్లు కొడ్తరు. ఎనకవడ్డోడు నీళ్ళల్ల ఒక్కడే అయితడు గదా అని."

"వాడి సంగతి నేను చూసుకుంటాను లెండి."

ఆవిడ లేచి వెళ్ళి గ్యాలరీ అటు చివర కూర్చుంది. తర్వాతి ఆదివారం కూడా అక్కడే కూర్చుంది, నోరు విప్పలేదు.

ఆ ఆంటీ ఇవాళ రాలేదా అని ఇంటికి వెళ్ళేటప్పుడు అభిరామ్ అడిగాడు. కుసుమకుమారి విననట్టు వాడి తల తుడిచింది.

ఫైనల్ నాడు కొత్తపేట జట్టులో ఒక పిల్లవాడికి జ్వరం వచ్చింది. కోచ్ మహిపాల్‌కు వేరే దారి లేక, ఆఖరి పోటీకి అభిరామ్‌ను దింపాడు. ఫస్ట్ రావాల్సిన పని లేదని, అటు ఒడ్డు ముడితే చాలని వాడికి చెప్పి పంపాడు.

మిగతావాళ్ళు ఒడ్డు చేరారు. అభిరామ్ ఇంకా సగంలోనే ఉన్నాడు.

మైకులో చెప్పారు. కొత్తపేట, బడంగ్‌పేట్ సమానంగా ఉన్నాయి. అభిరామ్ ఒడ్డు తాకితే ఒక పాయింటు వస్తుంది, షీల్డ్ కొత్తపేటది. తాకకపోతే, నిరుడు గెలిచిన బడంగ్‌పేట్ దగ్గరే ఉండిపోతుంది.

కొత్తపేట వాళ్ళంతా ఒక్కసారిగా లేచి అరవడం మొదలుపెట్టారు. ఆ గోలకు వాడు బెదిరి నీళ్ళు మింగాడు. దగ్గుతూ పక్కనున్న తాడు పట్టుకున్నాడు. పిల్లల పోటీ కాబట్టి తాడు పట్టుకుని ఆగితే తప్పు లేదు. కానీ వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఇక నా వల్ల కాదన్నట్టు.

కుసుమకుమారి లేచి నిలబడింది.

అప్పుడు గ్యాలరీ అటు చివరనుంచి వినిపించింది.

"ఏం కాదు బిడ్డా. మంచిగ ఊపిరి తీస్కో. నేను చూస్తున్న, నువ్వు రా."

అభిరామ్ ఆ గొంతు వైపు తిరిగాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని తాడు వదిలాడు.

వాడు ముందుకు కదులుతుంటే, ఆవిడ గ్యాలరీలో వాడి పక్కపక్కనే చప్పట్లు కొడుతూ నడిచింది. ఈసారి కుసుమకుమారి కూడా కొట్టింది, అరచేతులు మండేదాకా.

వాడి చెయ్యి ఒడ్డుకు తగిలింది.

కొత్తపేట పిల్లలు అభిరామ్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు. మహిపాల్ వాడి చేతికే షీల్డ్ ఇచ్చాడు. వాడి మొహంలో అంత వెలుగు ఆ తల్లి ఎప్పుడూ చూడలేదు.

కుసుమకుమారికి ఆవిడను క్షమాపణ అడగాలనిపించింది. గ్యాలరీలో వెతికితే కనబడలేదు. కొత్తపేట వాళ్ళను ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ ఆవిడ ఇంకెవరి చుట్టమో అనుకుంటున్నవాళ్ళే.

పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి వచ్చింది.

ఆవిడ హెల్మెట్ పెట్టుకుని స్కూటీ స్టార్ట్ చేస్తోంది. కుసుమకుమారి పిలిచింది కానీ, రోడ్డు మీది హారన్ల మధ్య ఆ పిలుపు అందలేదు.

బండి బడంగ్‌పేట్ వైపు తిరిగి కదిలిపోతుంటే, వెనక సీట్లో "నిరుడు గెలిస్తిమి గదా మమ్మీ" అని వెక్కుతూ ఆవిడ వీపుకు తల ఆనించుకున్న పిల్ల, షీల్డ్ పోగొట్టుకున్న కెప్టెన్ రమ్య.