నా పనేనండి

రెండో శనివారం, బడికి సెలవు. అయినా హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలారాణి పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి తిరువూరు వచ్చింది.

సోమవారం ఎంపీ సీతారామారావు గారు పార్లమెంటులో బడుల సంగతి ఎత్తుతారట. బడికి కంప్యూటర్లు ఎన్ని ఇచ్చారు, ఎన్ని నడుస్తున్నాయి, బడి ఆస్తిని ఎవరు పాడుచేస్తున్నారు? మూడింటికీ మధ్యాహ్నంలోగా జవాబు కావాలని ఆయన పీఏ గిరిబాబు అప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

మొదటి రెండింటికీ జవాబుంది. పది ఇచ్చారు, ఆరు నడుస్తున్నాయి.

మూడోదానికే లేదు.

ఆమె ఈ బడికి వచ్చి ఏడాదిన్నర. ఈలోపు కుళాయిలు విరిచారు, స్విచ్‌బోర్డులు పీకారు, కంప్యూటర్ గది కిటికీ జాలీ చింపారు. స్టేషన్‌కి వెళితే, పేరు చెప్పండి పట్టుకొస్తాం అన్నారు. పేరే తెలిస్తే ఇన్ని తిప్పలెందుకు? పైగా నష్టానికి బాధ్యత హెడ్‌మిస్ట్రెస్‌దేనంటూ పైనుంచి మెమో. గోరుచుట్టు మీద రోకటిపోటు.

విసుగ్గానే కంప్యూటర్ గది తాళం తీసింది.

లోపల ఎవరో ఉన్నారు.

నలభై అయిదేళ్ళ మనిషి, నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన మూత విప్పిన కంప్యూటర్. పేపరు పరిచి దానిమీద విడి భాగాలు పెట్టుకున్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్.

ప్రమీలారాణి గుమ్మంలోంచే గద్దించింది, ఏడాదిన్నరగా దాచుకున్న కోపంతో.

"ఎవరయ్యా నువ్వు?"

"మీరావలినండి. బస్టాండ్ దగ్గర సెల్ రిపేర్ షాపు."

"కిటికీలోంచి దూరావా?"

"తాళంచెవి నా దగ్గర లేదు కదండీ."

దొంగకు ఇంత నిదానమా అనుకుంది. విప్పిపెట్టిన కంప్యూటర్ వైపు వేలు చూపించింది.

"ఇదంతా నీ పనేనా?"

అతను లేచి నిలబడ్డాడు. చేతుల దుమ్ము ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నా పనేనండి."

ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో అయిదోసారి గిరిబాబు ఫోన్.

"దొరికాడండీ," అంది ప్రమీలారాణి ఒక్క గుక్కలో. "తన పనేనని ఒప్పుకున్నాడు కూడా."

ఆ మాట వినగానే అతను నోరు మూసుకున్నాడు. ఆమె కేకకు రోడ్డు మీది మనుషులు వచ్చి కాలరు పట్టుకున్నా మళ్ళీ తెరవలేదు.

సోమవారం ఎంపీ గారు మూడు నిమిషాలు మాట్లాడారు. బడులకు కంప్యూటర్లు ఇవ్వమన్నారు, ఇచ్చినవాటికి కాపలా పెట్టమన్నారు. మా తిరువూరులో ఒకడు కిటికీలోంచి దూరి పట్టుబడ్డాడని, ఇదంతా తన పనేనని స్వయంగా ఒప్పుకున్నాడని సభకు చెప్పారు. సాయంత్రానికి ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోనులోనూ తిరిగింది.

ఆ రోజు ప్రమీలారాణి ఇంటికి వెళుతూ బస్సులో హాయిగా నిద్రపోయింది.

పోయిన సామానేమీ లేదని పోలీసులు రెండు రోజులకు మీరావలిని వదిలేశారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం అతన్ని వదల్లేదు. దొంగ చేతికి ఫోన్ ఎవరిస్తారు? నెల తిరక్కుండా షాపు మూతపడింది. భార్య మదార్‌బీని తీసుకుని ఎటో వెళ్ళిపోయాడన్నారు.

కుళాయిలు మాత్రం ఆ తర్వాత కూడా విరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ రాయలేదు. రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది, అంత ఓపిక తనకు లేదు.

ఏడు నెలలకు పది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. బిగించడానికి కంపెనీ తరఫున కీర్తన అనే అమ్మాయి వచ్చింది. తనూ ఈ బడిలోనే చదివానని మురిపెంగా చెప్పుకుంది.

అప్పటికి పాతవాటిలో ఒక్కటీ నడవడం లేదు. వాటిని పక్కన పడేసేముందు కీర్తన ఒకదాని మూత విప్పి, అలాగే ఉండిపోయింది.

"మేడమ్, ఒకసారి ఇలా రండి."

మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసిన తేదీలు, వరసలు వరసలుగా. ఒక్కో తేదీ పక్కన దుమ్ము తుడిచినట్టో, ముక్క మార్చినట్టో గుర్తు. మొదటిది పన్నెండేళ్ళ నాటిది. నెలలు మారుతున్నాయి గానీ, తేదీలన్నీ ఎనిమిదికీ పద్నాలుగుకీ మధ్యే.

"అన్నీ రెండో శనివారాలు," అంది ప్రమీలారాణి మెల్లగా.

ఆ వరస ఎనిమిది నెలల కిందట ఆగిపోయింది.

"ఇవి పదిహేనేళ్ళ నాటి మిషన్లు మేడమ్. ఎప్పుడో మూలపడాల్సినవి. చచ్చిన నాలుగింట్లోంచి ముక్కలు తీసి మిగతా ఆరింటికి వేశారు. అందుకే ఇన్నాళ్ళు నడిచాయి."

కిందటి ఏడాదీ ఆరే నడిచాయి, అంతకుముందూ ఆరే. రిపేరుకు ఒక్కరినైనా పిలవకుండా ఎలా నడిచాయని తను ఒక్కసారి కూడా అడగలేదు.

"ఎవరి పనమ్మా ఇది?" అని అడిగింది. జవాబు ముందే తెలుసు, అయినా అడిగింది.

"ఈ చేతిరాత నేను మర్చిపోతానా? మీరావలి గారిది. ఎక్కడున్నారు మేడమ్ ఇప్పుడు?"

"అతను... సెల్ రిపేరు చేసేవాడు కదమ్మా."

కీర్తన మొహం చిన్నబోయింది. ఆ మూతను బట్టతో తుడిచి, పెన్సిల్ రాత చెరక్కుండా జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కాంట్రాక్టు అయిపోయిందని తీసేశారు గానీ మేడమ్, ఈ బడికి కంప్యూటర్ సారు ఆయనేనండి."