ఏడో మాటు

ఎర్ర కర్ర మళ్లీ పొట్ట దగ్గరే ఆగింది.

గురి మైదానంలో ఎవాల్డ్ తుపాకీ దించాడు. ఎనభై మీటర్ల అవతల పట్టాల మీద పరుగెత్తిన కాగితపు దుప్పి మట్టిగట్టు చాటుకు వెళ్లి ఆగింది. ఆ గట్టు వెనక గోతిలో ఆయన కూతురు ఇంగేలా ఉంది. గుండు ఎక్కడ తగిలిందో చూసి, ఒక చిన్న దుప్పి బొమ్మను గట్టు పైకెత్తి, అదే చోట ఎర్ర కర్ర ఆనించి చూపడం ఆమె పని. ఆ తడి గోతిలో కూర్చోవడం వేట జట్టులో మిగతావాళ్లకు నామోషీ. అందుకని ఇరవై రెండేళ్లుగా ఆ పని ఇంగేలాకే వదిలేశారు.

పొట్టలో గుండు పడ్డ దుప్పి వెంటనే చావదు. రెండు రోజులు చిత్తడిలో పడుతూ లేస్తూ తిరిగి చస్తుంది. వేటగాడికి అంతకంటే తలవంపు లేదు. ఈ మాట ఊళ్లో అందరికంటే గట్టిగా అన్నవాడు ఎవాల్డే. ఆరేళ్ల కిందట పక్కింటి స్టూరె ఒక ఆడదుప్పిని పొట్టలో కొట్టాడు. జట్టంతా కాఫీ తాగుతుంటే ఎవాల్డ్ అతని తుపాకీ లాక్కుని వేట గుడిసె గోడకున్న మేకుకు తగిలించాడు.

“ఏటా ఆగస్టులో పెట్టే గురి పరీక్షలో మూడు గుళ్లు పొట్టకు పోతే నాదీ ఈ మేకుకే. నాకు ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు” అన్నాడు.

స్టూరె మళ్లీ ఆ గుడిసె గడప తొక్కలేదు.

ఆ జట్టులో ఇంటికి ఒక్క తుపాకీయే. కాపు కాసే చోట్లలో ఎవాల్డ్ ఇంటికి వచ్చింది ఏడో మాటు. దుప్పులు చిత్తడి దాటి అడవిలోకి వచ్చే దారి అది. అక్కడ కాపు కూర్చున్నవాడికి వేట దొరక్కపోవడమంటూ ఉండదు. ఇంగేలాకు నలభై నాలుగు. వేట లైసెన్సు పరీక్ష ఎప్పుడో పాసైంది. ఏటా దుప్పుల్ని తండ్రి వైపు తరుముతూ, అరుస్తూ అడవంతా నడిచేది. ఒక్క రోజు మాటు ఇమ్మని అడిగితే ఎవాల్డ్ అందరి ముందూ నవ్వేవాడు. గొంతున్నవాళ్లు అరవాలట, గురి ఉన్నవాళ్లు కూర్చోవాలట.

అయినా ఈ ఏప్రిల్‌లో ఎవాల్డ్ గుళ్లు పొట్టకు పోవడం మొదలైనప్పుడు, ఆయన్ని వెనకేసుకొచ్చింది ఆ పిల్లే.

“నీ గురికేం కాలేదు నాన్నా. ఫ్యాక్టరీలో వేలల్లో ఒకటిగా చేసి పడేసిన తుపాకీ. ముప్పై ఏళ్లయింది. బిర్గెర్‌కు చూపిద్దాం.”

బిర్గెర్ తుపాకీల పనివాడు. చేయి తిరిగినవాడు. ఇనుము కదలకుండా తుపాకీ కర్రలో జిగురు పోసి గట్టిగా కూర్చోబెట్టాడు. గొట్టానికి కర్ర ఎక్కడా ఒరుసుకోకుండా లోపల గీకి, మధ్యలో కాగితం జారేంత సందు చేశాడు. బల్ల మీద ఆనించి తనే ఐదు గుళ్లు పేల్చాడు. ఐదు చిల్లులనూ ఒక నాణెం కప్పేసింది.

ఎవాల్డ్ పెళ్లికొడుకులా మైదానానికి వెళ్లాడు. ఎర్ర కర్ర పొట్ట దగ్గర ఆగింది.

జూన్‌లో ట్రిగ్గర్ తేలిక చేయించాడు. పొట్ట. జులైలో గొట్టం మూతి కొత్తగా కోయించాడు, భుజానికి ఆనే తుపాకీ మడమను కురచ చేయించి తన కొలతకు కుదిర్చాడు. పొట్ట, పొట్ట, ఒకసారి తొడ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని జట్టులో గుసగుసలు లేచాయి. స్టూరె వచ్చి మైదానం పక్క బల్ల మీద కూర్చుని, దాల్చినచెక్క బన్ను తింటూ చూడటం మొదలుపెట్టాడు.

ఇంగేలా ఒక్క రోజూ విసుక్కోలేదు. కాల్పులయ్యాక కాగితపు దుప్పిని ఊడదీసి, గట్టిగా చుట్టి, పురికొస కట్టి, పొయ్యికి పనికొస్తుందని సంచిలో వేసుకునేది. ఒకసారి ఎవాల్డ్ దానికోసం చేయి చాపాడు. మళ్లీ తనే వెనక్కి తీసుకున్నాడు. తన సిగ్గును తానే విప్పి చూసుకునే ధైర్యం ఆయనకు లేదు.

కళ్ల డాక్టరు కళ్లకేం లోటు లేదన్నాడు. పరీక్షకు వారం ముందు బిర్గెర్ తుపాకీ తిరిగి చేతికిచ్చేశాడు.

“ఇందులో బాగుచెయ్యడానికి ఇంకేం లేదు ఎవాల్డూ. ఇక మిగిలింది మడమకు ఇవతలి పక్కే.”

పరీక్ష రోజు జట్టంతా నిలబడి చూసింది. మొదటిది పొట్ట. రెండోది పొట్ట. మూడో గుండుకు కర్ర కాసేపు పైకి లేవనే లేదు. లేచాక, పొట్ట.

ఎవాల్డ్ ఎవరితోనూ మాట్లాడకుండా గుడిసెలోకి నడిచి, తుపాకీని తనే ఆ మేకుకు తగిలించాడు. ఏడో మాటూ, తుపాకీ రెండూ నువ్వే తీసుకో అని కూతురితో అన్నాడు. ఇంగేలా ఆయన్ని పట్టుకుని భోరుమంది. గడప బయటే నిలబడ్డ స్టూరె తప్ప అందరూ కళ్లు తుడుచుకున్నారు.

సెప్టెంబరు మొదటి సోమవారం వేట మొదలైంది. పొద్దున్నే ఎవాల్డ్ గుడిసెలో ఏప్రన్ కట్టుకుని బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. ఇంగేలా మేకు మీంచి తుపాకీ దించి భుజాన వేసుకుంది. తన సంచి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

“పొయ్యి అంటించు నాన్నా. వచ్చేసరికి సూపు వేడిగా ఉండాలి.”

ఎవాల్డ్ బుద్ధిగా తలూపాడు. పురికొస కట్టిన చుట్టల్ని ఒక్కొక్కటే తీసి, కట్టిన వాటిని కట్టినట్టే పొయ్యిలోకి తోశాడు.

ఒక్క చుట్టనైనా విప్పి ఉంటే ఆయనకు కనిపించేది: ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ తుపాకీతో కొట్టిన దుప్పి మొదలు పరీక్షనాటి దుప్పి దాకా, చిల్లులన్నీ గుండె దగ్గర అరచేతి వెడల్పులో ఒకేచోట ఉన్నాయి, పొట్ట మీద ఒక్కటీ లేదు.