జ్ఞానయ్య గుండె జబ్బు

"ఉప్పు డబ్బా ఇంకా పొయ్యి పక్కనే ఉందేమే?" అన్నాడు జ్ఞానయ్య.

"నీ కూర విడిగా తీశాగా. నా కంచంలో ఉప్పు నీకెందుకు గుచ్చుకుంటంది?" ఆరోగ్యమ్మ కస్సుమంది.

"తిను తిను. నేను గడ్డి తింటా, నువ్వు ఆవకాయ నంజుకో. ముప్పై ఏళ్ల కాపరానికి ఇదీ నా వైభోగం."

ఆరోగ్యమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆవకాయ ముక్క తీసి పక్కన పెట్టింది.

"సరే, ఇవాళ్టి నుంచి ఇద్దరం గడ్డే తిందాం. సంతోషమా?"

వీరులపాడు చర్చి దగ్గర వైద్యశిబిరంలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. నందిగామ వెళ్లి డాక్టరు కృష్ణప్రియ దగ్గర రిపోర్టులు తెచ్చింది జ్ఞానయ్యే. తన గుండెకి జబ్బని చెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే గొడవ.

"అసలా డాక్టరమ్మ ఏమంది? సరిగ్గా చెప్పు."

"మన ఆయిలింజను చూళ్లా? చేనంతటికీ నీళ్లు తోడుద్ది. అది వేడెక్కకుండా ఆ నీళ్లల్లోంచే ఓ సన్న గొట్టం దానికీ పోద్ది. ఆ గొట్టం నొక్కితే?"

"ఇంజను పట్టేస్తది."

"గుండే అంతేనంట. కోపమొస్తే బీపీ పెంచే హార్మోన్లు ఊరతయ్యంట. గుండె కండకి నెత్తురు పోయే సన్న గొట్టాల్ని అవి బిగించేస్తయ్యంట. పైన ఉప్పొకటి."

"నీకు కోపమెక్కడ ఏడ్చింది? ఈ ఇంట్లో అరిచేది నేనేగా!"

"నువ్వరిస్తే నాకు అదురుద్ది."

అదీ నిజమే. ముప్పై ఏళ్లలో ఆరోగ్యమ్మ నోరు మూతపడింది ప్రార్థనప్పుడు మాత్రమే. అదీ పాస్టరుగారి నోరు ఇంకా పెద్దది కాబట్టి.

అలాంటి మనిషి నోరు కట్టేసుకుంది. పక్కింటి దేవమణి కోళ్లు వడియాలు తొక్కినా "పోండే తల్లీ" అని అదిలించి ఊరుకుంది. పొద్దున్నే మొగుణ్ణి లేపి కాలువ గట్టున నడిపించింది. తిరిగొచ్చాక ఇద్దరికీ చెరో మాత్ర. తనది గుండెకి, ఆమెది మోకాళ్లకి అని జ్ఞానయ్యే పంచేవాడు.

రెండు నెలలకి ఇద్దరూ నందిగామ వెళ్లారు. డాక్టరు ఇద్దరికీ బీపీ చూసింది.

"నాకెందుకండీ? ఈయన్ని చూడండి. ఈయన పోతే నేనెవర్ని తిట్టుకోవాలి?" అంటూ ఆరోగ్యమ్మ కళ్లొత్తుకుని, ఆటో ఆపటానికి బయటికెళ్లింది.

"బాగా దిగింది," అంది డాక్టరు. "ఇక ఆమెకి నిజం చెప్పేయొచ్చుగా?"

జ్ఞానయ్య గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"జబ్బు తనదని తెలిస్తే లెక్కచెయ్యదు మేడం."