చర్చిలో ఊదుబత్తి

ఆ ఆదివారం పొద్దున కౌకూర్‌లోని చిన్న చర్చిలో ఊదుబత్తి వాసన వచ్చింది.

తలుపులు తెరిచి బయటికి వెళ్లొచ్చిన ఎస్తేరమ్మ ముక్కు దాన్ని గేటు దగ్గరే పట్టేసింది. ఆవిడకు తెలియకుండా ఆ చర్చిలోకి ఈగ కూడా దూరదు. తాళాలు ఆవిడవి, చాపలు ఆవిడవి, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేదీ ఆవిడే.

గబగబా లోపలికి వెళ్లింది.

పాటలు పాడే పిల్లలు నిలబడే చోట ఒక మనిషి ఊదుబత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. మూతికి మాస్కు. తల పైకెత్తి పొగనే చూస్తున్నాడు.

అది హన్నా నిలబడే చోటు. హన్నా ఎస్తేరమ్మ మనవరాలు. తొమ్మిదేళ్లది. పుట్టినప్పటి నుంచీ ఛాతీ నెమ్ము, చలికాలం వస్తే చాలు ఆయాసం. అయినా ఆ పిల్ల గొంతెత్తితే చర్చి అంతా కళ్లు మూసుకుని వినేది. ముసలిదాని ప్రాణమంతా దాని మీదే.

ఆ మనిషి పేరు మొగులయ్య. అలియాబాద్ నుంచి బస్సులు మారి మూడు వారాలుగా వస్తున్నాడు. వెనక తలుపు పక్కన కూర్చుంటాడు. పాట పాడడు, బైబిల్ తెరవడు. కొత్తగా ఏసీలు పెట్టించాం కదా, చల్లగా ఉంటుందని వస్తున్నాడేమోనని ఎస్తేరమ్మకు మొదటి నుంచీ అనుమానమే.

“ఏం జేస్తున్నవయ్యా ఈడ?”

“గాలి జూస్తున్నమ్మా.”

“దేవుని మందిరంల ఊదుబత్తి ముట్టిచ్చి గాలి జూస్తవా?”

ఆయన ఓపిగ్గా చెప్పసాగాడు. ఏసీ కోసం కిటికీలన్నీ అద్దాలు పెట్టి బిగించేశారనీ, ఈ ఏసీ లోపలి గాలినే చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదనీ, ఒక్కరికి రోగముంటే వాళ్లు వదిలిన ఊపిరి అందరి చుట్టూ తిరుగుతుందనీ అన్నాడు. పొగ ఎక్కడ ఆగిపోతే ఊపిరీ అక్కడే ఆగిపోతుందట. నాలుగు మాటలకోసారి ఆగి, రొప్పుతూ చెప్పాడు.

అప్పటికే జనం పోగయ్యారు. పూజ చేస్తున్నాడని ఒకరన్నారు. మంత్రగాడేమోనని ఇంకొకరన్నారు.

పాస్టర్ ఎలీషా కుర్రవాడు, మెత్తనివాడు. ఎస్తేరమ్మ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ చర్చిలో ఎవరికీ లేదు, ఆయనకు అసలే లేదు. దయచేసి బయటికి వెళ్లమన్నాడు.

మొగులయ్య ఊదుబత్తి కొసను వేళ్లతో నలిపి ఆర్పాడు. గేటు దాకా వెళ్లి ఆగాడు.

“కిటికీలు తెరువకుంటే మానె. పిల్లలనన్నా తలుపు కాడ నిలవెట్టుండ్రమ్మా.”

ఎస్తేరమ్మ తలుపు మూసేసింది. ఆయన నిలబడిన చోటును ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగించింది. ఆయన మళ్లీ రాలేదు.

చలికాలం వచ్చింది. చలిగాలి రాకూడదని తలుపులు కూడా మూశారు. ఒక ఆదివారం ఒకరు దగ్గారు. తర్వాతి ఆదివారం పాటలో సగం దగ్గులే. ఆ గురువారం హన్నాకు జ్వరం కాసింది, ఊపిరి అందక పెదవులు నీలంగా మారాయి.

మేడ్చల్‌లోని ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఎస్తేరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, తన ఊపిరి తీసి దానికివ్వమని దేవుణ్ణి బతిమాలుకుంది.

డాక్టర్ అనూహ్య కేసు షీటు చూసి అడిగింది, “మీ చర్చి నుంచి ఈ వారం ఈ పాప పదకొండో పేషెంట్. ఆ హాలు నేనోసారి చూడొచ్చా?”

శనివారం సాయంత్రం వచ్చింది. నాలుగు గోడలూ చూసింది. ఒక ఊదుబత్తి తెప్పించమంది.

ఎలీషా ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు పరుగెత్తాడు.

డాక్టరమ్మ ముట్టించింది. పొగ నిటారుగా లేచి, పైకప్పు కింద పరుచుకుని, అక్కడే ఉండిపోయింది. చూడండి, బయటికి పోయే దారే లేదు అంది. వెంటనే కిటికీలు తెరిపించి, ఒక పక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమంది.

“ఇన్నాళ్లూ మీకెవరూ చెప్పలేదా?”



“చెప్పిండు బిడ్డా,” అంది ఎస్తేరమ్మ. “నేనే ఎల్లగొట్టిన.”

వారం తిరిగేసరికి హన్నాకు ఆక్సిజన్ తీసేశారు. లేచి కూర్చుని జావ తాగింది. మర్నాడే ఎస్తేరమ్మ ఎలీషాను వెంటబెట్టుకుని అలియాబాద్ బస్సెక్కింది. జీవితంలో ఎవరినీ క్షమాపణ అడిగి ఎరగదు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారంతా మథనపడింది.

వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. రేకుల ఇల్లు. అన్ని గోడలకూ కిటికీలే. అంత చలిలోనూ ఒక్కటీ మూసి లేదు.

మొగులయ్య పోయి తొమ్మిది రోజులైందని ఆయన భార్య చెప్పింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయట. అయినా ప్రతి ఆదివారం ఏదో ఒక ఏసీ హాలు వెతుక్కుంటూ పోయేవాడట. కొందరు వినేవారు, చాలామంది తిట్టి పంపేవారు.

ఎస్తేరమ్మ అక్కడే అరుగు మీద కూలబడింది. మోసుకొచ్చిన మాట ఇక ఎవరికి చెప్పాలో తెలియలేదు. కళ్లు తుడుచుకుని అడిగింది.

“మా హన్నా బతికింది అక్కా. ఆయన మాట అప్పుడే ఇని ఉంటే దానికి గంత కష్టం రాకపోవు. గా గాలి సంగతి ఆయనకెట్ల తెల్సు? ఏసీ మెకానిక్కా?”

“మెకానిక్ గాదమ్మా,” అంది ఆమె నెమ్మదిగా. “తన దగ్గును లెక్కజెయ్యక, మూసిన హాల్ల ఆర్నెల్లు వాక్యం జెప్పి, ముంగట నిలవడి పాట పాడిన మా బిడ్డకే టీబీ అంటిచ్చి పోగొట్టుకున్న పాస్టరు.”