తెలిసీ రాసిన తప్పు

తొమ్మిదో తరగతిలో ఎవరు ఏ లెక్కలు చదవాలో ఇప్పుడు మాస్టార్లు చెప్పడం లేదు, పిల్లలు పరీక్ష రాసే బల్లలే చెబుతున్నాయి. బల్ల ఒకసారి తేల్చిందంటే ఇక మార్పుండదు. ఏ కోర్సు పిల్లలు ఆ కోర్సు భవనంలోనే చదవాలి, అక్కడే ఉండాలి.

వకుళకు లెక్కలంటే మంచినీళ్ళ ప్రాయం. ఆమె కవల చెల్లెలు మృదులకు భిన్నాలు చూస్తేనే భయం.

"నన్నొదిలేసి పోవు కదా అక్కా?" అంది మృదుల, పొద్దున జడ వేయించుకుంటూ.

"పోనే పిచ్చిదానా. నేనూ తప్పులే రాస్తాలే."

పరీక్షలో వకుళ అన్నంత పనీ చేసింది. మణికట్టు బల్లకు ఆనించి వరసగా తప్పులు రాసింది. బల్ల మెత్తగా, అచ్చం అమ్మ గొంతుతో పలికింది.

"నీకు జవాబు తెలుసు వకుళా. రాసే ముందు నీ నాడి తడబడింది. మళ్ళీ రాయమ్మా."

వకుళ పళ్ళు బిగించి మళ్ళీ తప్పే రాసింది.

"సరే. తెలిసీ తప్పు రాసేవాళ్ళకి వేరే కోర్సుంది."

గోడలో ఇన్నాళ్ళూ ఎవరూ గమనించని తలుపొకటి తెరుచుకుంది. లోపల ఒకే ఒక్క బల్ల ఉంది. ఇద్దరు ఆయాలు వచ్చి వకుళను చెరో రెక్కా పట్టుకుని లేపారు.

"అక్కా!" అని కేక పెట్టి మృదుల లేవబోయింది.

ఆమె బల్ల కూడా అమ్మ గొంతుతోనే అంది: "నువ్వు కూర్చోమ్మా. నీ లెక్క ఇంకా పూర్తి కాలేదు."