కోణం గడిలో సున్నా

"తలెత్తి ఆ బొమ్మ చూడమను నీ మొగుణ్ణి!" అంటూ అన్న, చెల్లెలి భర్త ముఖాన్ని మళ్లీ బల్లకేసి కొట్టాడు. ఆమె ఉపగ్రహ చిత్రాలు సరిచేసే గదిలో కీబోర్డు మీద నెత్తురు చిందింది.

"వదులన్నయ్యా, చచ్చిపోతాడు!"

"చావనీ! సున్నపు బట్టీ ఆర్పేశానని ఒట్టేశాడు. నువ్వు పంపిన బొమ్మలో ఊరంతా పొగే! అక్కడ నా కూతురు ఊపిరాడక ఆస్పత్రిలో కొట్టుకుంటోంది."

"బట్టీ వెలిగించలేదు," అన్నాడు భర్త, విరిగిన పన్ను ఉమ్ముతూ.

అన్న ఇనుప కుర్చీ ఎత్తాడు.

ఆమె ఆ బొమ్మలో మసక తీసేసిన లెక్కని తెరమీద తెరిచింది. చూపు కోణం గడిలో సున్నా ఉంది.

"ఆగన్నయ్యా! ఆ రోజు ఉపగ్రహం పక్కకి వాలి చూసింది. ఏటవాలుగా చూస్తే మధ్యలో గాలి ఎక్కువ, మసకా ఎక్కువే. నేను నడినెత్తి మీంచి చూసినట్టు లెక్కగట్టి ఆ మసకలో కొంతే తీసేశాను. మిగిలిన మసకని పొగనుకున్నాం."

అసలు కోణం వేసి మీట నొక్కింది. ఊరి మీది తెల్లటి తెర చెరిగిపోయింది. బట్టీ గొట్టం దగ్గర పొగ చారైనా లేదు.

కుర్చీ అన్న చేతిలోంచి జారిపడింది.

ఆమె వంగి భర్త మూతి తుడవబోయింది. అతను ఆ చేతిని విసిరికొట్టాడు.

"మీ అన్నకైతే కూతురి బాధలో కళ్లు మూసుకుపోయాయి. నువ్వు పొద్దున నా పక్కనే కూర్చుని టీ తాగావు. ఆ బొమ్మ పంపేముందు నన్నొక్క మాట అడగలేకపోయావా?"