వ్యానులో చాడీకోరు

సరిగ్గా బంతి గాల్లోకి లేచిన క్షణాన రేడియో మూగబోయింది.

"మళ్లీ పోయిందా?" అన్నాడు వెనక సీట్లోంచి అట్లీ.

"పోయింది" అని రోజర్ స్టీరింగ్ మీద ఒక్కటిచ్చాడు.

రోజర్ పొద్దున్నే ఆమిష్ వడ్రంగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, పని చోట దింపి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేరుస్తాడు. వాళ్లు పాతకాలపు క్రైస్తవ కట్టుబాట్లు తప్పని గుర్రబ్బండ్ల మనుషులు. కార్లు కొనరు, నడపరు, వేరేవాళ్ల బండి ఎక్కితే మాత్రం తప్పులేదు. ఇంట్లో కరెంటే ఉండదు, ఇక రేడియో మాటెక్కడ? కానీ రోజర్ బండి రోజర్‌ది. అందులో అతనేం పెట్టుకున్నా వాళ్లకు సంబంధం లేదు. ఆ మాట మొదట అన్నది మేస్త్రీ అట్లీయే. ఆరేళ్ల కిందట, ముందు సీట్లో కూర్చుని, చూపు కిటికీ బయటా చెవి రేడియో దగ్గరా పెట్టి అన్నాడు.

ఒహైయో కొండల మధ్య మామూలు రేడియో గరగరమంటుంది తప్ప పలకదు. అందుకే రోజర్ శాటిలైట్ రేడియో పెట్టించాడు. బేస్‌బాల్ ఆట ఉన్న రోజు ఆట, లేని రోజు దాని మీద వాదనలు. క్లీవ్‌లాండ్ జట్టు ఓడితే అట్లీ ఇల్లు చేరేదాకా పలికేవాడు కాదు. భార్య డోనా పోయాక రోజర్ రోజు మొత్తంలో నలుగురితో కలిసి నవ్వేది ఆ ప్రయాణంలోనే. అది కూడా పోతే ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాల్సిందే.

ఇప్పుడు సీజన్ చివరికొచ్చింది. జట్టు గెలుపు అంచున ఉంది. రేడియో ఏమో మొండికేసింది.

రోజర్ చేయని వైద్యం లేదు. బండి పైన వేసే నిచ్చెనలు ఆకాశాన్ని కప్పేస్తున్నాయని వాటిని వెనక ట్రెయిలర్లోకి మార్చాడు. యాంటెన్నాను పైకప్పు నడిమధ్యకు జరిపాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, బండిని చెట్లు లేని చోట నిలిపి, రేడియో ఆన్ చేసి ఉంచమంది అక్కడి అమ్మాయి. మొక్కజొన్న చేను పక్కన బండి ఆపి, సంబంధానికి వచ్చేవాళ్ల కోసం చూసినట్టు దక్షిణాకాశం వంక చూస్తూ కూర్చున్నాడు. పలికింది. శనివారం పలికింది, ఆదివారం పలికింది. సోమవారం సాయంత్రానికి మళ్లీ మూగ.

"నీ బండికి మేమంటే గిట్టడం లేదు" అని నవ్వాడు అట్లీ. నడుం నొప్పని అతను ఈమధ్య వెనక సీటుకు మారాడు. రోజూ రేడియో బాగుపడిందా అని అడగడం మాత్రం మానలేదు. అతని భార్య పంపే 'ఆపిల్ పై' తీపిరొట్టె ముక్కలు కూడా ఈమధ్య పెద్దవయ్యాయి. పాపం, నా బాధ చూసి పెద్ద ముక్క కోస్తోంది అనుకున్నాడు రోజర్.

చివరికి మెకానిక్ డేల్ వెనక సీటు కింద చాప ఎత్తి చూశాడు. యాంటెన్నా వైరు జాయింటు మాటిమాటికీ ఊడదీసి తగిలించిన గుర్తులున్నాయి, ఈసారి వైరే ఏకంగా రెండు ముక్కలై ఉంది.

"ముసలోడా, ఇది తెగింది కాదు. కత్తితో కోశారు" అన్నాడు డేల్.

రోజర్ ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. ఆరేళ్లుగా ఎండనక వాననక తిప్పాడు. వాళ్ల పిల్లలు పుడితే మంత్రసానిని తెచ్చింది ఈ బండే. ఇందులోనే కూర్చుని, ఇందులోనే నవ్వి, చేతులు కిందికి పెట్టి వైరు కోశారు.

ఎవరన్నది ఆలోచించాల్సిన పని లేదనుకున్నాడు. రూబెన్. ఆట పలుకుతుంటే కళ్లు మూసుకుని కూర్చునేది అతనొక్కడే. పైగా ఈ వేసవిలో వాళ్ల సంఘం తమలోంచే కొత్త బోధకుణ్ణి ఎంచుకుంది. వాళ్లలో ఆ పని ఎవరూ కోరి తెచ్చుకోరు. పాటల పుస్తకాల్లో ఒకదాంట్లో చీటీ పెడతారు. అది ఎవరి చేతికొస్తే వాళ్లు చచ్చేదాకా బోధకుడే. బోధకుడి చెవిన పడిందా, రేడియో విన్నవాళ్లందరినీ సంఘం ముందు మోకాళ్ల మీద కూర్చోబెడతారు. పుస్తకం తీసినవాళ్లలో రూబెన్ మేనమామ ఉన్నాడని రోజర్ విన్నాడు. చీటీ అతనికే వచ్చి ఉంటుందనుకున్నాడు తప్ప అడగలేదు. వాళ్ల సంగతులు వాళ్లు చెప్పరు, ఇతను అడగడు.

సాయంత్రం అందరూ ఎక్కాక కోసిన వైరు ఎత్తి చూపించాడు.

"మీ మావయ్యకి చాడీలు మోస్తున్నావు, సరే. నా వైరెందుకు కోశావయ్యా రూబెన్? వద్దంటే నోటితో చెప్పలేవా?"

రూబెన్ గడ్డం నిమురుకున్నాడు. ఒక్కసారి అట్లీ వైపు చూసి తల దించుకున్నాడు. అట్లీ ఒళ్లో ఉన్న టోపీ అంచు సరిచేసుకుంటూ ఉండిపోయాడు. పెద్దమనిషి కూడా అడ్డుపడలేదంటే తన అనుమానం నిజమేననుకున్నాడు రోజర్. దారి మలుపులో రూబెన్ పనిముట్ల పెట్టె తీసుకుని దిగిపోయాడు.

మర్నాడు రూబెన్ రాలేదు. వేరే బండి చూసుకున్నాడని చెప్పారు.

ఆ సాయంత్రం కొత్త వైరుతో రేడియో గంటలా మోగింది. ఆఖరి ఇన్నింగ్స్. చాలా రోజుల తర్వాత అట్లీ ముందు సీట్లో కూర్చున్నాడు. రోజర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

బంతి గాల్లోకి లేచింది. అట్లీ చెయ్యి చాపి రేడియో ఆపేశాడు.

"చాడీకోరు దిగిపోయాడుగా, ఇంకా ఎవరికయ్యా భయం?" అన్నాడు రోజర్.

"రూబెన్ ఎవరికీ ఏం చెప్పలేదు రోజర్, ఆ బోధకుడి చీటీ వచ్చింది నాకే, నోటితో చెప్పలేక వైరు కోసిందీ నేనే" అన్నాడు అట్లీ.